జపాన్‌లో ఓడితే బౌషర్‌లో దెబ్బలు

మా చిన్నప్పుడు... జపాన్‌లో ఎవరో గోల్ కొట్టలేకపోతే ఇక్కడ మస్కట్‌లో, బౌషర్‌లో, మా బిల్డింగు వెనక గోడ దగ్గర నా వీపు వాచేది.

నవ్వకండి... నిజమే చెబుతున్నాను.

నాన్న ఘాలాలో ఒక కంపెనీలో ఇంజినీరు. ఆ ప్రాజెక్టులో జపాన్ వాళ్లు ఉండేవాళ్లు. వాళ్లలో ఒకాయన దేశానికి వెళ్లిపోతూ, పిల్లలకివ్వమని అట్టపెట్టె నిండా ఫుట్‌బాల్ జెర్సీలు ఇచ్చాడు. అన్నీ వాళ్ల పెద్ద లీగులో ఆడే జట్లవి. చీటీలు వేసి పంచుకున్నాం. ఎవరి ఒంటి మీద ఏ జెర్సీ ఉంటే వాళ్లది ఆ జట్టు... మార్చి నుంచి డిసెంబరు దాకా, సీజనంతా మారడానికి లేదు. నాకు పసుపు జెర్సీ వచ్చింది. మోకాళ్ల కిందికి వేలాడేది. జట్టు కూడా అంతే, ఎప్పుడు చూసినా అడుగున వేలాడుతూ ఉండేది.

రూల్స్ పెట్టింది శ్రీకాంత్. మా పై అంతస్తు, నిజామాబాద్ వాళ్లబ్బాయి. వాడి ఎర్ర జెర్సీ జట్టు ఎప్పుడూ పైనే. అక్కడ జట్టు ఓడితే ఇక్కడ దాని జెర్సీ వాళ్లు గోడకి తిరిగి నిలబడాలి, గెలిచినవాడు బంతితో వీపు మీద కొట్టాలి. ఆ బంతిని శ్రీకాంత్ ముందే ఏసీ నీళ్ల బకెట్లో నానబెట్టేవాడు. నీళ్లు తాగిన బంతి వెన్ను మీద పడితే ఊపిరి ఎక్కడికి పోతుందో తెలియదు... కాసేపు నోరు తెరుచుకుని ఉండిపోవడమే.

"ఏడుస్తున్నవా? అయితే ఇంకోటి తిను," అనేవాడు. అదీ రూలే.

ఎండాకాలంలో ఒకసారి వాడు నా జడ చేతికి చుట్టుకుని కంకర మీద ఈడ్చాడు. మోకాళ్లు చెక్కుకుపోయాయి. మోచేత్తో మూతి మీద ఒక్కటిచ్చాను. వాడి ముందు పన్ను విరిగి ఇసకలో పడింది. కొట్లాట ఆపి ఇద్దరం కలిసి వెతికాం... దొరకలేదు. మళ్లీ కొట్టుకున్నాం. ఇంటికెళ్లాక మా అమ్మ నాకు అట్లకాడతో వడ్డించింది. వాళ్లమ్మ వాణ్ణి, ఆడపిల్ల చేతిలో తన్నులు తిని వచ్చినందుకు బాదింది.

అయినా మర్నాడు దిగేదాన్ని. ఆ గ్రౌండులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. సీజన్ చివర కింది డివిజన్‌కి పడిపోయిన జట్టు వాళ్లు గ్రౌండు వదిలిపోవాలి. మగపిల్లలైతే ఎలాగో బతిమాలుకుని మళ్లీ చేరతారు. నేను ఒకసారి బయటికొస్తే మాత్రం అమ్మ ఇక గుమ్మం దాటనివ్వదు. ఆ కాస్త ఇసక, కంకర నాకు ఎంత ప్రాణమో చెప్పలేను.

జపాన్‌లో మా పసుపు జట్టుకి ఆఖరి మ్యాచ్ మిగిలింది. గెలిస్తే ఉంటాను, ఓడితే పోతాను.

ముందురోజు అమ్మ తలంటుతూ నా వీపు చూసింది. నీలంగా కమిలిపోయి ఉంది. వెంటనే నాన్నని పిలిచింది. ఆయన చాలాసేపు చూసి, మీ జట్టు పడిపోతే ఇంక ఆడనివ్వరా అని అడిగారు. ఆడనివ్వరన్నాను. అయితే ఈ దెబ్బలు కూడా ఉండవుగా అన్నారు. ఉండవన్నాను.

అప్పట్లో మా బిల్డింగులో ఎవరింట్లోనూ ఇంటర్నెట్ లేదు. ఆఫీసులో జపాన్ వాళ్లని అడిగి నాన్న ఏ ఫలితం తెస్తే అదే వేదం. మర్నాడు సాయంత్రం కారు చుట్టూ మూగేశాం. నాన్న నా వైపు చూడకుండా కారు తాళం వేస్తూ, "పసుపు జట్టు ఓడిపోయిందర్రా," అన్నారు. గబగబా మెట్లెక్కి వెళ్లిపోయారు.

నాన్నకి తెలియని రూలు ఒకటుంది. పడిపోయినవాళ్లని ఊరికే పంపరు... గ్రౌండులో ఉన్న ప్రతివాడూ తలా ఒక బంతి కొట్టి సాగనంపాలి.

గోడకి తిరిగాను. మొదటిది నడుము మీద. రెండోది మెడ మీద పడింది... నుదురు గోడకి కొట్టుకుని కనుబొమ చిట్లింది. కంట్లోకి నెత్తురు. నేను ఏడవలేదు. ఏడిస్తే ఇంకోటి కదా.

అప్పుడు వెనక కంకర మీద పరుగు వినబడింది. నాన్న... మెట్ల కిటికీలోంచి చూశారట. వచ్చి జేబురుమాలు నా కంటికి అదిమి, నన్ను పక్కకి జరిపి, నేను నిలబడ్డ చోటే గోడకి తిరిగి నిలబడ్డారు.

"మిగిలినవి నాకు కొట్టండ్రా."

ఎవరూ కదల్లేదు.

"కొట్టు శ్రీకాంత్. రూలు రూలే."

"వద్దంకుల్," అన్నాడు వాడు. నాన్న కదల్లేదు. చివరికి కొట్టాడు. తర్వాత ఒక్కొక్కళ్లూ... ఆఫీసు తెల్లచొక్కా మీద బురద మచ్చలు పడుతూనే ఉన్నాయి. ఆయన అరచేతులు గోడకి ఆనించి అన్నీ తిన్నారు.

మళ్లీ సీజను మొదలవకముందే ఆ ప్రాజెక్టుతో పాటు జపాన్ వాళ్లూ వెళ్లిపోయారు, మా లీగూ పోయింది. నాన్న గురించి మాత్రం ఎన్నేళ్లు చెప్పుకున్నానో... మా నాన్న నాకోసం దెబ్బలు తిన్నారని.

ఇప్పుడు ఆ ఇసక నేల మీద పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల. మా అమ్మాయి అక్కడే కోచింగ్‌కి వెళుతుంది. ఇండియా నుంచి విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చిన నాన్న మొన్న నాతో పాటు వల పక్కన నిలబడి ఆట చూస్తూ ఉన్నట్టుండి అన్నారు...

"ఆ రోజు మీ జట్టు గెలిచింది తల్లీ. నీ వీపు చూడలేక అబద్ధం చెప్పాను. ఆ ఆఖరి రూలు నాకు తెలీదు."

కోపం వచ్చింది. ఆ వయసులో రావలసిన కోపమంతా ఒక్కసారే వచ్చింది. నా గ్రౌండు పోయింది ఆయన మాట వల్ల. ఇంటికొచ్చే దారంతా చెయ్యి ఊరికే కనుబొమ మీది మచ్చ తడుముకుంటోంది... అప్పుడర్థమైంది, ఆ సాయంత్రం ఆయన ఎవరి తప్పుకి గోడకి నిలబడ్డారో.

ఇప్పటి పిల్లలకి మోకాలికి ప్యాడ్లు, పడితే స్ప్రే, ఓడితే కరచాలనం. అలాగే ఉండాలి, మా అమ్మాయి వీపు అలా కమిలితే నేనూ ఊరుకోను. ఏ అబద్ధమైనా ఆడేస్తానేమో కూడా...

మీ ఇంట్లోనూ మిమ్మల్ని కాపాడబోయి మీకే దెబ్బ తగిలేలా చేసినవాళ్లు ఉంటే రాయండి. నాన్నకి చదివి వినిపిస్తాను... ఆయన ఇంకా ఆ గోడ దగ్గరే నిలబడి ఉన్నారు.