ఐదో మెట్టు మీద

గిటారు మెడకి పట్టీ ఏ మెట్టు మీద బిగించారో చూసి, పాడే మనిషి గొంతులో ఇంకా ఎంత సత్తువ మిగిలిందో చెప్పేస్తారు హెరెస్ ఊళ్లో శాంతియాగో పేట జనం. పట్టీ ఎంత పై మెట్టు మీద ఉంటే శ్రుతి అంత ఎక్కువ. అలవాటైన మెట్టు కన్నా కిందకి దించారంటే ఆ గొంతు పని అయిపోయినట్టే లెక్క. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం, పాటల సంఘం వెనక గదిలో ఎలాడియో పట్టీ మీద చెయ్యి వేసుకుని ఆలోచిస్తున్నాడు.

ముప్పై రెండేళ్లుగా అతను కసిల్దా పాటకి గిటారు వాయిస్తున్నాడు. ఆవిడకి డెబ్బై దాటాయి. గొంతుకి ఆపరేషన్ అయి ఏడాదిన్నర. మళ్లీ జనం ముందు పాడటం ఇవాళే. సరి చూసుకుందామని ఇప్పుడే ఒకసారి ఐదో మెట్టు శ్రుతిలోనే సిగిరియా పాట అందుకుంది. పాటంతా దుఃఖమే. పై స్వరం దగ్గరకి వచ్చేసరికి గొంతు చటుక్కున తెగిపోయింది.

"పొద్దున తాగిన కాఫీ పడలేదురా," అంది.

"మూడో మెట్టుకి దించుకుందాం అక్కా. ఇందులో నామోషీ ఏముంది?"

"నోర్ముయ్! ముందు వరసలో ఆ తప్పులెన్నే బార్తోలో కూర్చున్నాడు. వాడి కళ్లు రెండూ నీ పట్టీ మీదే. నలభై ఏళ్లు ఐదులో పాడాను, ఇవాళా ఐదులోనే పాడతాను. భయమైతే ఇంటికెళ్లి శనగలు ఉడకబెట్టుకో, పో!"

ఎలాడియో గిటారు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ఐదులో పెడితే ఆవిడ గొంతు అందరి ముందూ తెగుతుంది. తెగితే మళ్లీ జన్మలో నోరు విప్పదు, ఆవిడ సంగతి అతనికి తెలుసు. మూడులో పెడితే వేదిక ఎక్కదు.

కొలిమి దగ్గర ఇనుము కొడుతూనే గిటారు నేర్పిన నికాసియో బాబాయి ఒకటే మాట అనేవాడు: "పాడేవాళ్ల ఊపిరి ఎక్కడ ఆగుతుందో వాళ్ల కన్నా ముందు నీకు తెలియాలిరా. లేకపోతే నువ్వు చేసేది ఉత్త చప్పుడు." కుర్రతనంలో ఎలాడియోకి అది ఎక్కలేదు. జనం తన వేళ్లు చూడ్డానికే వస్తారనుకునేవాడు. పాడేవాళ్లు ఊపిరి పీల్చుకునే సందులో తన వేగం చూపించి చప్పట్లు కొట్టించుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చుట్టూ చూసి, ఆరు తీగల్నీ రెండు మెట్లంత శ్రుతి తగ్గేలా వదులు చేశాడు. పట్టీ మాత్రం ఐదులోనే బిగించాడు. కంటికి ఐదు, చెవికి మూడు! అయితే వదులు తీగలు జీరగా కొట్టుకుంటాయి. పోయేది తన పేరు.

వేదిక మీద మొదటిసారి మీటగానే కసిల్దా గిర్రున తిరిగి చూసింది. ఎలాడియో తలెత్తలేదు. ఇప్పుడు లేచి వెళ్లిపోతుందా? అతను అదే వరస మళ్లీ వాయించాడు, ఇంకోసారి వాయించాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. పాట అందుకుంది. పై స్వరం దగ్గర ఎలాడియో తన ఊపిరి బిగబట్టాడు. గొంతు గీరుకుంటూ లేచింది, వణికింది, నిలబడింది.

"ఓలే!" అని హాలంతా అరిచింది.

కేకలు సద్దుమణిగాక బార్తోలో గొంతు లేచింది. "కసిల్దా బంగారం! కానీ ఏంట్రా ఎలాడియో, అవి తీగలా, బట్టలారేసే తాళ్లా?"

అందరూ గొల్లుమన్నారు. ఎలాడియో చెవులు ఎర్రబడ్డాయి. "కొత్తవి మామా, ఇంకా కుదురుకోలేదు."

కసిల్దా గ్లాసులో నీళ్లు తాగి, మూతి తుడుచుకుంది.

"కొత్తవీ కాదు, పాడూ కాదు. అబద్ధాలాడుతున్నాడు వెధవ. నా గొంతు అందదని, నాకు చెప్పకుండా తీగలు దించి, పట్టీ ఐదులో పెట్టాడు. నవ్వితే నన్ను చూసి నవ్వండి. ఏం బార్తోలో, నీవి కట్టుడు పళ్లని నేనెప్పుడైనా వీధిలో చాటింపు వేశానా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఎలాడియో వైపు తిరిగింది. "బిగించరా తీగలు. పట్టీ మూడులో పెట్టు. అందరికీ కనపడేట్టు పెట్టు."

ఒక్కో తీగా సరిచేయడానికి చాలాసేపు పట్టింది. ఒక్కరూ కుర్చీ వదిలి లేవలేదు. పట్టీ మూడులో బిగిసేసరికి, బార్తోలో కుర్చీ ముందుకి లాక్కుని, పిడికిలితో తన ముందున్న బల్ల మీద మెల్లగా తాళం మొదలుపెట్టాడు.