గిర్ని పేరు రాసిన చెయ్యి

పన్నెండేళ్ళుగా ఒక కాగితం ముక్క నా గుండెల మీద కూర్చుంది. దాన్ని దించమని మిమ్మల్ని అడగను. అది అక్కడుందని మాత్రం చెప్తాను.

కథలాపూర్ దగ్గర మా ఊళ్ళో నాకొక పిండి గిర్ని ఉంది. నేను బడి మొహం చూడలేదు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిపే రోజుల్లో దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు పట్టాను. తరువాత చేతికందిన పుస్తకమల్లా చదివాను. మనిషికీ మనిషికీ తేడా లేదని గిర్ని ముందు కూర్చున్నవాళ్ళకు గంటల తరబడి చెప్పేవాణ్ణి. ఎంత బాగా చెప్పేవాణ్ణో!

పన్నెండేళ్ళ కింద దళితవాడ వాళ్ళు ఇకమీదట చావులకు వెట్టిగా డప్పు కొట్టేది లేదన్నారు. ఊరి పెద్దలు పెట్టుకున్న అభివృద్ధి కమిటీకి మండింది. వాడ మొత్తాన్ని వెలివేసింది. ఎవరూ మాట్లాడొద్దు, సరుకులివ్వొద్దు, పనికి పిలవొద్దు; తప్పితే జరిమానా. అంతకుముందు ఊళ్ళో ఏ చాటింపైనా డప్పు మీదే. ఇప్పుడు ఆ డప్పు వెలిపడిన వాళ్ళదే కదా. అందుకని కాగితం రాసి మైకులో చదవాలనుకున్నారు. రాయడానికి నన్ను పిలిచారు.

పోకుండా ఉండగలిగేవాణ్ణా? ఉండగలిగేవాణ్ణి. నన్నెవరూ కొట్టరు, చంపరు. గిర్ని మూయిస్తారేమో, నన్నూ వెలివేస్తారేమో అని భయం. పోయాను.

వాడకు ఏమేం బందు పెట్టాలో కమిటీ చైర్మన్ చెబుతుంటే రాశాను. కిరాణా కొట్లు, చాయ్ హోటల్, ఆటోలు, ట్రాక్టర్లు, మంగలి షాపు. "గంతే, ఇగ సాలు" అన్నాడు.

గిర్నిని మరిచిపోయారు.

నోరు మూసుకుని ఉంటే చాలు, వాడ జొన్నలు, మక్కలు నా దగ్గర పిండి అయ్యేవి. కాగితంలో లేదు గనుక నన్ను తప్పుపట్టే దారి ఎవరికీ లేదు. కానీ రేపెవరైనా లేచి, వీడు కావాలనే వదిలేసిండు అంటే? ఆ ఒక్క ఆలోచనకు చెయ్యి కదిలింది. చివర్లో 'పిండి గిర్ని' అని నేనే చేర్చాను. అక్షరాలు గుండ్రంగా, అందంగా వచ్చాయి.

మూడోనాడు లచ్చవ్వ వచ్చింది. డప్పు మానేద్దామని వాడలో మొదట నోరు విప్పిన రాజయ్య భార్య. నెత్తి మీద జొన్నల గంప. మైకులో చదివింది వాడ దాకా వినపడలేదు; ఆమెను చూడగానే నేను గిర్ని ఆపేశాను.

"అన్నా, గిర్ని బందువెట్టినవేంది? కరెంటు లేదా?"

"కరెంటుంది చెల్లె. కమిటోళ్ళు గిర్ని గూడ రాసిండ్రు. నేనేం జెయ్యాలె?" తలెత్తకుండానే అన్నాను.

ఆమె గంప దించలేదు. నవ్వింది.

"గిన్ని బుక్కులు సదివినవ్, గా కమిటోళ్ళకు ఇంత బుద్ధి జెప్పకపోతివి. పోనితియ్, నీకు మాత్రం పిల్లల్లేరా? నువ్వేం జేస్తవ్."

నా మీద జాలిపడింది! ఆ జొన్నలు బస్సెక్కి కోరుట్లకు పోయి పిండై వచ్చాయి.

ఆమెకు భయం లేదా? వారం తిరక్కుండా జగిత్యాల పోయి, ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కి ఫిర్యాదు ఇచ్చింది. పిల్లలు పస్తులుంటారన్న భయమే వెనక నుంచి తోసిందని తరువాత తానే చెప్పింది. ఆమెను మెట్లెక్కించిందీ భయమే, నాతో ఆ మాట రాయించిందీ భయమే. మరి నేనెందుకు ఇట్లా అయ్యాను?

విచారణకొచ్చిన అధికారి మైకు దగ్గర దొరికిన కాగితం చూపించి, ఈ రాత ఎవరిదని అడిగాడు. కమిటీవాళ్ళు తెలియదన్నారు. నేనూ తెలియదన్నాను. వెలి ఎత్తేశారు. వాడ జొన్నలకు గిర్ని మళ్ళీ తిరిగింది.

లచ్చవ్వ ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది. అప్పటి సంగతి ఎవరన్నా ఎత్తితే, "అన్న మంచోడే, కమిటోళ్ళే గిర్ని బందువెట్టిచ్చిండ్రు" అని నా తరఫున కొట్లాడుతుంది. అది వింటూ పిండి జల్లెడ పట్టినట్టు నటిస్తాను. కమిటీని తిట్టడానికి నాకు ఇప్పటికీ నోరు లేస్తుంది. వాళ్ళు చేసింది దుర్మార్గం, అందులో మాట మార్చను. కానీ ఆ చివరి మాట వాళ్ళది కాదు.

ఆమెకు చదువు రాదు. ఈ రాసిందంతా ఆమె ముందు నేనే చదవాలి. చదువుతానా? మాటివ్వలేను. భయం ఎక్కడికీ పోలేదు. రాయడం వరకు మాత్రం అయింది.

గిర్ని పేరు రాసింది కమిటీ కాదు లచ్చవ్వా. నేను.