గోడ అవతల రొట్టెల చప్పుడు

పెరటి గోడకు ఇవతల నా అత్తిల్లు, అవతల నా పుట్టిల్లు. ఊళ్లోనే ఇచ్చిన పిల్ల, కంటికి ఎదురుగా ఉంటుందని మా అమ్మ ఎంత మురిసిపోయిందో! యాభైలలో పంచాయతీ ఎన్నిక వచ్చి, మా నాయన ఒక పార్టీకి, మా మామ ఇంకో పార్టీకి పెద్దలయ్యాక ఆ గోడే నా ప్రాణం మీదికి వచ్చింది. అంతకుముందు ఇద్దరూ ఒకే బండిలో నందికొట్కూరు సంతకు పోయి వచ్చేవాళ్లు. ప్రెసిడెంటు కుర్చీ ఒక్కటే కదా, ఇద్దరూ కూర్చోలేకపోయారు.

మా నాయనకు ధైర్యం ఎక్కువ, ఓర్పు తక్కువ. ఆయన ఒక్క కేక వేస్తే సేద్యగాళ్లంతా గొడ్డళ్లు పట్టుకుని వస్తారు. కానీ కొడుకు ఒక్కడే, మా అన్న. వాడికి ఏమైనా అయితే నాయన పని అయిపోయినట్టేనని రెండు పార్టీలకూ తెలుసు. మా మామకు తమ్ముళ్లు నలుగురు, డోన్‌లో లారీలున్న బంధువులు, కర్నూలులో వకీలు. లేనిదల్లా నమ్మకం. సొంత తమ్ముడు మజ్జిగ ఇచ్చినా "ముందు నువ్వు తాగు" అనేవాడు. దారిలో ఎవరినీ తన వెనక నడవనిచ్చేవాడు కాదు. నాకు నవ్వొచ్చేది, ఆయన చూపు నా మీద పడేదాకా.

పొద్దున్నే జొన్నరొట్టెలు తట్టే వేళకు అత్త నన్ను గోడ దగ్గర కూర్చోబెట్టేది. మా ఊళ్లో అవతలి పార్టీ బలం తెలుసుకునే పద్ధతి అది. రొట్టె తడుతున్నంతసేపూ తపతపమని చప్పుడు, పెనం మీద వేసేటప్పుడు ఆగుతుంది. ఒక ఆపు ఒక రొట్టె. రెండు రొట్టెలు ఒక మగమనిషి. ఇంటివాళ్లకు మించి రొట్టెలు పడ్డాయంటే పై ఊర్ల మనుషుల్ని దించారన్నమాట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి వినే ఉంటారు. నా చేత పుట్టింటి రొట్టెలు లెక్కపెట్టించారు. ఛీ, ఏం బతుకు!

"ఎన్నిమే?" అనేది అత్త.

"పదారు."

"పదారేనా? మీయమ్మ చెయ్యి నీకు తెల్దా? సరిగ్గా చెప్పు."

నిజం చెప్పినా అనుమానమే. తల దువ్వుకుంటే ఎవరికి సైగ చేస్తున్నావనేవారు. గోడ మీద చీర ఆరేస్తే దాని రంగు చూసి గుసగుసలు. నా మొగుడు మంచివాడే. కానీ అతను కూడా గుమ్మం దగ్గర ఆగి, నా చేతుల్లో ఏముందోనని ఒకసారి చూసి, ఆ తర్వాతే లోపలికి వచ్చేవాడు. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండేది.

శెనక్కాయ పీకే రోజుల్లో ఒక పొద్దున అవతల చప్పుడు ఎంతకీ తెగలేదు. వేళ్లు మడుస్తూ కూర్చున్నాను. అరవై అయ్యాయి. అరవై అని చెబితే మామ డోన్ నుంచి లారీ నిండా మనుషుల్ని తెప్పిస్తాడు, రెండు ఇళ్లలోనూ పీనుగులు లేస్తాయి. తక్కువ చెబితే ఊరుకుంటాడనుకున్నాను. ఎంత తెలివో నాది!

"ఇరవై," అన్నాను.

అత్త పోయి చెప్పింది. మామ కండువా దులిపి లేచాడు. "పది మందే ఉండారు. వాని కొడుకు చేను కాడికి పోయింటాడు. ఇదే అదును, లేయండప్పా," అన్నాడు తమ్ముళ్లతో.

ఎదుటివాడు బలంగా ఉన్నాడంటే జంకి ఆగే మనిషి, బలం లేదంటే ఆగుతాడా? ఆ మాత్రం నా బుర్రకు తట్టలేదు. పెళ్లయినప్పటి నుంచి మామ ఎదుట నోరెత్తని దాన్ని, పరుగెత్తి వాకిట్లో అడ్డం పడ్డాను.

"అబద్ధం చెప్పినా మామా! అరవై కొట్టినారు. ముప్పై మంది ఉండారు, పోవద్దండి!"

మామ నవ్వాడు. "ఇరవై అనిందే నిజం. ఇప్పుడు అన్న గ్యాపకానికొచ్చి అరవై అంటాంది. రక్తం యాడికి పోతాది?"

నా మొగుడి వైపు చూశాను. అతను తల దించుకుని బరిసె అందుకున్నాడు.

మధ్యాహ్నానికి మా అన్నను చేను నుంచి మంచం మీద మోసుకొచ్చారు. గోడ అవతల అమ్మ ఏడుస్తుంటే ఇవతల నన్ను గదిలో పెట్టి గొళ్లెం వేశారు. నా మొగుడి బరిసెకు నెత్తురు అంటిందో లేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఏడాది తర్వాత మామ జైలుకు పోయాడు, మా నాయన మంచం పట్టాడు. నన్ను వద్దనే ఓపిక ఎవరికీ లేకపోయింది. పుట్టింట్లో అడుగుపెట్టి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు ఇంట్లో ఎవురూ లేరు పాపా," అంది. "మీ నాయన మన మనుషుల్ని తోడుకోని పై ఊర్లకు పోయిండె. మీ మామ భయపడి రాకుండా ఉంటాడని, ఒకటే ముద్దను తట్టి, ముద్ద చేసి, మళ్లా తట్టినా. శానాసేపు. నువ్వు గోడ కాడ కూచోని ఇంటాండావని తెలిసే తట్టినా. ఎన్నని చెప్పినావు నువ్వు?"

"అరవై అని చెప్పినామ్మా," అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. మెల్లగా నా చెయ్యి వదిలేసింది.