ఎదురీదని పిల్లలు

జహీరున్నీసా నోటి వెంట పొగడ్త రావడం ఎవరూ వినలేదు. చీరాల దగ్గరి చేపపిల్లల కేంద్రంలో పాతికేళ్ళుగా ఆమె పని ఒక్కటే. తెల్లటి బేసిన్‌లో పిల్లల్ని పోసి, నీళ్ళను చేత్తో గిర్రున తిప్పుతుంది. గట్టి పిల్ల ఎదురీదుతుంది, నాసి పిల్ల నడుమన కుప్పపడుతుంది. బేసిన్ ఆమెదే, మాటా ఆమెదే. ఆమె “పట్టుకెళ్ళండి” అంటేనే కొనేవాళ్ళు డబ్బాల మూతలు తీసేవాళ్ళు.

కేంద్రం పెట్టిన పెద్దాయన పోయాక అది ఆయన కొడుకు ప్రేమ్‌చంద్ చేతికొచ్చింది. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారే, ఆ విస్తరి ఇతనే. వల లాగినప్పుడు తల్లి చేపలు సిమెంటు గోడకు కొట్టుకుని పొలుసులు రాలుతున్నాయని, పాత బస్సుల సీట్లలోని ఫోము తెచ్చి తల్లుల తొట్టి చుట్టూ కట్టించాడు. అగ్గిపుల్ల గీసి దాని మీద పెట్టాడు. అంటుకోలేదు.

“చూశావా జహీరమ్మా, నిప్పుక్కూడా లొంగదు. తల్లులకు పరుపులేసినోణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే.”

“దిండ్లు మర్చిపోయారండి,” అంది ఆమె.

ఏడాది తిరిగేసరికి ఫోము పసుప్పచ్చగా పొడి రాలింది. తల్లులు ఆ పొడినే గతుకుతూ నిగనిగలాడుతున్నాయి. గుడ్లు పెట్టించింది వేరే తొట్టిలో, శుభ్రమైన బోరు నీళ్ళలో. అయినా ఆ పిల్లల్ని బేసిన్‌లో తిప్పితే అన్నీ నడుమనే కుప్పపడ్డాయి. మూడుసార్లు తిప్పింది. తన చెయ్యే పాడైందేమోనని మొదటిసారి భయపడింది.

గుంటూరులో ల్యాబ్‌లో పనిచేసే కూతురు ఫిజాకు ఫోన్ చేసి, ఫోము సంగతితో సహా అంతా చెప్పింది.

“నిప్పంటుకోకుండా ఫోములో మందు కలుపుతారమ్మా. అది తల్లి కొవ్వులో చేరి గుడ్లలోకి దిగుద్ది. తల్లికి పైకేం కనపడదు. పిల్లలకు ఈత మందగిస్తది, బెదురు పోద్ది. పరీక్ష చేయించందే ఖాయంగా చెప్పలేను గానీ, నాకు దాని మీదే అనుమానం.”

ఆ మాట చెప్తే ప్రేమ్‌చంద్ నవ్వాడు. “తల్లులు గుమ్మడికాయల్లా ఉంటే పిల్లలకేం రోగం? రేపు కొనడానికి వినుకొండ పేరయ్యగారొస్తున్నారు. నువ్వు మెల్లగా తిప్పు, చాలు.”

మెల్లగా తిప్పాలట. పాతికేళ్ళ మాటను ఈ అగ్గిపుల్లల శాస్త్రజ్ఞుడి కోసం అమ్ముకోవాలట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

పొద్దున పేరయ్య డబ్బాలతో దిగాడు. ఆమె ఎప్పటిలాగే గిర్రున తిప్పింది. పిల్లలన్నీ నడుమన కుప్పపడ్డాయి.

“ఇవి పట్టుకెళ్ళొద్దండి,” అంది.

ప్రేమ్‌చంద్ మొహం మాడింది. ముందుకొచ్చి ఉంగరాల చెయ్యి నీళ్ళలో ముంచాడు. ఒక్క పిల్లా పారిపోలేదు. అతని వేళ్ళ మధ్యే తేలుతున్నాయి.

“చూశారా పేరయ్యగారూ, ఎంత మచ్చికగా ఉన్నాయో.”

పేరయ్య వంగి చూశాడు. “కొంగొచ్చినా ఇట్టాగే ఉంటయ్యా?” అని అడిగి, ఖాళీ డబ్బాలు తీసుకుని ఆటో ఎక్కాడు.

“రేపట్నుంచి పనిలోకి రాబాక,” అన్నాడు ప్రేమ్‌చంద్.

“రేపటిదాకా ఎందుకండి?”

బేసిన్ తనది కాబట్టి, ఆమె పిల్లల్ని తొట్టిలోకి ఒంపేసి దాన్ని చంకన పెట్టుకుంది. ధారగా పడిన నీళ్ళు ఎటు తోస్తే పిల్లలు అటే కొట్టుకుపోయాయి.