కొలత తీయని అంగీ

మా మందిరంలో బాప్తిస్మం తీసుకునేవాళ్ళందరికీ తెల్ల అంగీలు కుట్టేది టైలరక్క. ఎవరికీ కొలత తీయదు. అన్నీ ఒకటే సైజు. మెడ దగ్గర నాడా లాగి కట్టుకోవడమే. పద్దెనిమిదేళ్ళుగా అదే పద్ధతి. మంచంపట్టినవాళ్ళ దుప్పట్లు అడక్కుండానే పట్టుకెళ్ళి ఉతికి తెచ్చే మనిషి ఆమె.

అలాంటి మనిషి ఆ సోమవారం కత్తెర బల్లమీద పడేసి, "ఆయనకు మాత్రం కుట్టను," అంది.

ఆయన ఆమె సొంత అన్న. ఆమె కాన్పుకు ఆసుపత్రిలో ఉండగా ఆమె కుట్టుమిషను అమ్మేసి తాగినవాడు. పచ్చిబాలింత ఏడాదిపాటు చేత్తో కుట్టి పిల్లను సాకింది. ఇప్పుడతడు ఒళ్ళు గుల్లయి ఆసుపత్రిలో పడి, పాస్టరుగారి మాటలు విని, క్రీస్తును నమ్ముకున్నాడు. వచ్చే ఆదివారమే బాప్తిస్మం.

"నమ్మాడట. నోటిమాటే కదా, ఏం పోయింది? ఒక్క ఏడాది బుద్ధిగా ఉండి చూపించమనండి. అప్పుడు కుడతా."

"మరి నీ బాప్తిస్మానికి నిన్నెన్నాళ్ళు ఆగమన్నారమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"నేనెవరి కొంపా ముంచలేదండీ."

"అందుకేనా దేవుడు నిన్ను నీతిమంతురాలన్నది?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి కుట్టింది గానీ, పళ్ళు కొరుకుతూ కుట్టింది. మొదటిసారి పద్ధతి తప్పింది. అన్న భుజాల కొలత ఆమెకు కంఠతా వచ్చు. దానికి రెండంగుళాలు తగ్గించి, నాడా లేకుండా కత్తిరించింది. తొడుక్కోలేక అందరి ముందూ తలదించుకోవాలని ఆమె పంతం.

ఆదివారం పొద్దున మందిరం పక్కగదిలో ఆమె ఎదుటే అతడు అంగీ తొడుక్కున్నాడు. భుజంమీద ఉండాల్సిన కుట్టు సగం చేతికి జారింది. లోపల ఎముకలు తప్ప మనిషి లేడు.

"గుడ్డ దండగ చేశావు చెల్లీ. ఇందులో ఇంకొకడు కూడా పడతాడు."

"బిగించే కుట్టాను. నీకు పట్టకూడదనే కుట్టాను."

అతడు తలూపాడు. "నీ మిషను తెచ్చిచ్చాకే ఇక్కడికి రావాలనుకున్నా. ఈ చేతులతో ఇక తేలేను. ఏం పట్టుకు రమ్మంటారని పాస్టరుగారిని అడిగా. ఏమీ వద్దు, అంగీ కూడా మేమే ఇస్తామన్నారు. సిగ్గు విడిచి వచ్చేశా."

"ఎప్పుడుంది గనక విడవడానికి?"

ఆమె సూది తీసింది. దారం రెండుసార్లు తప్పిపోయి మూడోసారి ఎక్కింది.

"కదలకు. గుచ్చుకుంటే నా పూచీ లేదు."

వదులైన గుడ్డ మడతపెట్టి ఒంటిమీదే కుట్టసాగింది. తాను కుట్టిన అంగీలన్నీ కుప్ప పోసినా పాస్టరుగారి ప్రశ్నకు జవాబు కావని అప్పుడే ఆమెకు తెలిసింది. తెలిసినందుకు కోపం తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

అవతల పాట మొదలైంది. ఆమె అతని మెడ దగ్గరకు వంగి పళ్ళతో దారం తెంపింది.

"పో. నీళ్ళతొట్టి మెట్లు జారతాయి, మెల్లిగా దిగు."