పేరు అడగని స్వామి

మా గదిలో విన్న మాట గది దాటకూడదు. ఇది మాత్రం రాయమని ఆ మనిషే అన్నాడు, పేరు మార్చి రాయమన్నాడు. అందుకని వెంకటముని అంటాను. తిరుపతిలో ఆటో నడుపుతాడు. స్టేషన్ నుంచి అలిపిరికి, అలిపిరి నుంచి స్టేషన్‌కి, ఇరవై రెండేళ్ళుగా అదే దారి. తాగుడు మానాలనుకునేవాళ్ళం కూర్చునే మా సంఘానికి నేను పెద్దనేమీ కాదు. గది తాళంచెవి నా దగ్గర ఉంటుంది, అంతే. నేనూ తాగి ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణే. మానేసి తొమ్మిదేళ్ళయింది.

ముందు ఫోన్ చేసింది ఆయన భార్య కోమలి. ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ పక్కన మేము అంటించిన కాగితం చూసిందట.

"సార్, తాగుడు మాన్పించేది మీరేనా?"

"మేము మాన్పించమమ్మా. మానాలనుకునేవాళ్ళం ఆదివారం సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటాం."

"ఆయన ఇప్పుడు తాగడంలేదు సార్. అయ్యప్ప మాలలో ఉండాడు. మాల తీసినాక తాగుతాడు. ప్రతి ఏడూ ఇదే."

ఆ ఆదివారమే ఇద్దరూ వచ్చారు. మేము కూర్చునేది చిన్నపిల్లల బడిలో, ఒకటో తరగతి గదిలో. బెంచీ మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. వెంకటముని నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా, నుదుట గంధంతో లోపలికి వచ్చాడు. కోమలి లోపలికి రాలేదు. బయట మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో కనకాంబరాలు పోసుకుని కట్టుకుంటోంది. పూలు కట్టి అమ్మడం ఆమె పని.

కొత్తగా వచ్చినవాడు లేచి తన పేరు చెప్పి, నేను తాగుబోతుని అనాలి. అది మా పద్ధతి. ఆ ఒక్క మాట నా నోట్లోంచి ఊడిపడడానికి మూడు నెలలు పట్టింది. మాల వేసుకున్నవాడికేమో ఆ నలభై ఒక్క రోజులూ పేరే ఉండదు, ఇంట్లో పెళ్ళాం కూడా స్వామీ అనే పిలవాలి. వెంకటముని లేచి చేతులు జోడించాడు.

"స్వామి శరణం. మాల మీద ఉండి నోటితో ఆ మాట అనకూడదు. దోషం."

అక్కడ నేను పట్టుబట్టి ఉండాల్సింది. "పర్లేదు, కూర్చోండి స్వామీ" అన్నాను. మాలో ఇద్దరైతే లేచి ఆయన కాళ్ళకు దండం కూడా పెట్టారు. జబ్బుతో వచ్చినవాడి కాళ్ళకు మొక్కి పంపిన ఘనత మాది. ఐదు వారాలు వచ్చాడు. ఐదు వారాలూ మేము తాగుబోతులం, ఆయన స్వామి. మా కష్టాలు విని జాలిపడి, ఎదురు మాకే ధైర్యం చెప్పేవాడు. "ఏముండాదప్పా, మనసు గట్టి చేసుకుంటే అయిపోతాది" అనేవాడు. ఏటా నలభై ఒక్క రోజులు ఆగగలిగినవాడికి జబ్బెలా ఉంటుందని ఆయన నమ్మకం. నాకు ఆ నమ్మకం ఎంత బోలుదో తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

శబరిమల నుంచి వస్తూ, వ్యాను చిత్తూరు చేరగానే గురుస్వామి చేత మాల తీయించుకున్నాడు. ఆ సాయంత్రమే తాగాడు. పొద్దున్నే లేచి ఇంకొంచెం తాగి, కోమలిని పూల మార్కెట్టుకు తీసుకెళ్తూ ఆటోను డివైడర్‌కి కొట్టాడు. ఆయనకు గీత కూడా పడలేదు. ఆమె కుడి మోచెయ్యి విరిగింది.

పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. ఎలా జరిగిందమ్మా అని కట్టు కట్టే ఆయన అడిగితే, "కుక్క అడ్డమొచ్చినాది" అని కోమలే చెప్పింది. చుట్టాలకూ అదే చెప్పింది. హాస్టల్లో ఉండి నర్సింగ్ చదివే కూతురు రూపశ్రీకీ అదే చెప్పింది. వెంకటముని పక్కన నిలబడి తల ఊపాడు. కొన్నాళ్ళకు ఆ కుక్క ఏ రంగులో ఉందో కూడా తానే చెప్పడం మొదలుపెట్టాడు.

గడువుకు ముందే కట్టు విప్పుకుని కోమలి పనిలోకి దిగింది. చెయ్యి సరిగా మడతపడలేదు. ఇప్పుడు మూరెడు పూలు కట్టేసరికి మోచెయ్యి లాగేస్తుంది. ఆ పని మానేసింది.

ఎండాకాలంలో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆయన ఖాకీ చొక్కాలో ఉన్నాడు. ఆమె ఖాళీ ఒడితో అదే మెట్ల మీద కూర్చుంది. ఈసారి నేను వదల్లేదు.

"పేరు చెప్పప్పా" అన్నాను.

లేచి నిలబడ్డాడు. "నా పేరు వెంకటముని. నేను తాగుబోతుని" అన్నాడు. కూర్చుంటాడనుకున్నాం. కూర్చోలేదు. "ఆ పొద్దు కుక్క రాలేదు. రోడ్డు ఖాళీగా ఉన్నింది. నేను తాగి ఉన్నా" అన్నాడు. తలుపు తెరిచే ఉంది, బయటికి ప్రతి మాటా వినిపిస్తుంది.

అందరూ లేచాక ఆయన వెళ్ళి భార్య ముందు నిలబడ్డాడు. నేను గదికి తాళం వేస్తున్నాను.

"నిజం చెప్పేసినా కోమలీ."

"నాకు చెప్పేదేముండాదబ్బా. నేను ఆటోలోనే ఉన్నా కదా" అంది, కోపం లేకుండానే. "అమ్మ చెయ్యి విరగ్గొట్టినాయని మన రూపశ్రీ వీధిలో కుక్క కనబడితే రాయెత్తుకుంటా ఉండాది. పోయి పాపకి చెప్పు."

వెంకటముని ఒక్క ఆదివారం కూడా మానకుండా వస్తున్నాడు. మందు ముట్టక నాలుగు నెలలు దాటింది. ఈ మధ్యలో రూపశ్రీ రెండుసార్లు సెలవులకు వచ్చి వెళ్ళింది. ఆ పిల్లకి ఆయన ఇంకా చెప్పలేదు.