దగ్గు విన్న ఇర్రి

మా మావగారు వేటకు బయలుదేరిన రోజున మా అత్తగారు మసాలా నూరేవారు కాదు. ఎలాగూ వట్టి చేతులతోనే వస్తారు, అల్లం వెల్లుల్లి దండగ అని కందిపప్పు పొయ్యి మీద పడేసేవారు. ఆయన పొద్దెక్కాక వచ్చి, తుపాకి గోడకు తగిలించి, ఆ పప్పే తిని లేచేవారు. కొత్త కోడలిని కదా, నవ్వు ఆపుకోలేక నేను వంటింటి తలుపు వెనక్కి పోయేదాన్ని.

అది దర్శి దగ్గర మెట్ట పల్లె. మా పుట్టింటి వాళ్ళది బాపట్ల వైపు మాగాణి. బురద, కొంగలు, కాలవలు తప్ప నాకేం తెలియవు. యాభై ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో కాపురానికి వస్తూ బండిలోంచి మొదటిసారి జింకల మందను చూశాను. పత్తి ఏరేసిన నల్లరేగడి చేలో ముప్పై దాకా ఉన్నాయి. మా ఎద్దుల మువ్వలు విని ఒకటి పైకి లేచింది. పరుగెత్తడం కాదు, లేవడం. ఉన్నచోటి నుంచి మనిషెత్తు లేచి, గాలిలో ఆగినట్టే ఆగి, మెత్తగా దిగింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. వాటి ముందు కంచె లేదు, కాలవ లేదు, దాటవలసింది ఏమీ లేదు. మరి ఎందుకు ఎగిరాయో నాకు ఇప్పటికీ తెలియదు. నేను బండి గూడు పట్టుకుని మోకాళ్ళ మీద లేచి చూస్తూ ఉండిపోయాను. మా ఆయన కూర్చోమని కొంగు లాగినా వినలేదట. ఆ సంగతి చెప్పి ఆయన నన్ను చాలా ఏళ్ళు ఏడిపించారు.

మగ జింకను మా ఊళ్ళో ఇర్రి అంటారు. వీపు నలుపు, పొట్ట తెలుపు, కళ్ళ చుట్టూ తెల్లటి చుట్టు, మెలితిప్పిన కొమ్ములు. మావగారు వేటాడేది ఇర్రినే, ఆడదాన్ని, అంటే లేడిని, ముట్టుకునేవారు కాదు. ముసలి ఎద్దును ఒకదాన్ని తోలుకుంటూ, దాని పక్కన నడుస్తూ, మంద దగ్గరికి చేరేవారు. అక్కడి వరకూ బాగానే ఉండేది. గురి కుదిరాక ఆయన గట్టిగా దగ్గేవారు. ఇర్రి తలెత్తి చూసేది. ఆ తర్వాత పేల్చేవారు. తలెత్తిన ఇర్రి అక్కడే నిలబడి ఉంటుందా? పది సార్లలో తొమ్మిది సార్లు దుమ్మే మిగిలేది. ఊళ్ళో వాళ్ళు ఆయన దగ్గు వినబడితే చాలు, జింక బతికిపోయిందని నవ్వేవారు. నేనే ఒకసారి ధైర్యం చేసి ఎందుకలా అని అడిగాను. చుట్ట నోట్లోంచి తీసి చెప్పారు.

"తల దించుకుని మేసేదాన్ని కొడితే దాన్ని వేటనరమ్మాయ్, దొంగతనమంటారు. నేనున్నానని దానికి తెలవాల. తెలిసినాక నా గురి నాది, దాని కాళ్ళు దానివి."

ముసలాయన చాదస్తం అనుకున్నాను. మాంసం తినాలని నాకూ ఉండేది మరి.

మూడో ఏడు వేసవిలో మా ఆడబిడ్డ మామగారు వస్తున్నట్టు కబురు పంపారు. గుంటూరు వైపు పెద్ద రైతు, రెండు గొట్టాల తుపాకి ఉన్న మనిషి. వాళ్ళ సావిట్లో గోడకు ఇర్రి కొమ్ములు పెట్టుకోవాలని ఆయనకు కోరిక. కానీ భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఎద్దు వెంట మైలు దూరం నడిచే పని కాదు. కూర్చున్నచోటికి ఇర్రి రావాలి. ఆడపిల్లనిచ్చిన ఇంటి పెద్ద నోరు తెరిచి అడిగితే ఇచ్చుకోలేమని ఎవరు అంటారు? కబురు వచ్చిన మూడో రోజున మావగారు మా ఆయనతో, ఏం చేస్తారో చేసుకోండి, ఆ తాడు మాత్రం నా చేత్తో కట్టను అన్నారు.

తాడు సంగతి చెప్పాలి. మిరప నారు నాటగానే మా వాళ్ళు చేను చుట్టూ పుల్లలు పాతి, మోకాలెత్తున తాడు కట్టి, దానికి పాత చీరల పేలికలు వేలాడదీసేవారు. గాలికి పేలికలు కదులుతుంటే జింక ఆ తాడు దాటదు. మనిషెత్తు ఎగిరే జంతువు మోకాలెత్తు తాడు ముందు ఆగిపోతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు, తాతల నాటి నుంచీ అంతే. ఇప్పుడు మా ఆయనకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, పంట దగ్గరికి రాకుండా ఆపే తాడు బయటికి పోకుండా కూడా ఆపుతుంది కదా అని. బావి పక్క చేలో మూడు వైపులా పేలికల తాడు కట్టారు. నాలుగో వైపు తాడును నేల మీద పరిచి వదిలేశారు. మంద లోపలికి వచ్చాక ఇద్దరు మనుషులు చెరో కొస లాగి పైకి కడితే సరి. పేలికలకు ఇంట్లో ఆడవాళ్ళం తలా ఒక చీర ఇచ్చాం. నేను ఇచ్చింది కుంకుమ రంగు నేత చీర, బండి మేకుకు చిరిగింది.

మేత పెట్టే పని నాకు పడింది. మగవాళ్ళను చూస్తే జింకలు పారిపోతాయి, కర్ర పట్టుకుని అదిలించేది వాళ్ళే కాబట్టి. పత్తి ఏరుకునే ఆడవాళ్ళంటే వాటికి అంత బెదురు ఉండదు. చేలన్నీ ఎండిపోయిన రోజులు. బావి కింద పెంచిన పచ్చి పిల్లిపెసర ఒక గంప, నానబెట్టిన శనగలు, రాళ్ళ ఉప్పు రోజూ పొద్దున్నే తీసుకుపోయి చేను మధ్యలో పోసి వచ్చేదాన్ని. మొదటి రోజు బయలుదేరుతుంటే మావగారు ఒక్క మాట చెప్పారు. చాటుగా పోతే అవి బెదురుతాయి, గట్టు మీద నిలబడి దగ్గి లోపలికి వెళ్ళమన్నారు. అలాగే చేశాను.

నాలుగు రోజులు అవి దూరంగా నిలబడి చూశాయి. అయిదో రోజు నేను గట్టు దిగేలోపలే మేతలో మూతులు పెట్టాయి. వారం తిరిగేసరికి నా దగ్గు వినబడితే చాలు, తుమ్మల్లోంచి నడుచుకుంటూ వచ్చేవి. చివరగా ఇర్రి వచ్చేది. దానికి ఎడమ కొమ్ము కొస విరిగి ఉంది. ఒక రోజు అది నాకు నాలుగు అడుగుల్లో నిలబడి, ఊపిరి పీల్చి, నన్ను చూసింది. దాని కంట్లో ఆకాశం, గట్టు, గంప ఎత్తుకుని నిలబడిన నేను, అన్నీ కనబడ్డాయి. నా ఒళ్ళు జలదరించింది. గుళ్ళో కూడా నాకు ఎప్పుడూ అలా కాలేదు. ఇంత అందాన్ని దేవుడు ఇంత దగ్గరగా ఎవరికి చూపిస్తాడు అనుకున్నాను. ఇంటికి వచ్చి, ఇర్రి నా చేతి దూరంలోకి వచ్చిందని గొప్పగా చెప్పాను. అది ఎందుకు వస్తోందో, ఎవరి కోసం రప్పిస్తున్నానో నాకు తెలియక కాదు. ఆ గొప్పలో పడి అటు ఆలోచించలేదు, అంతే.

పన్నెండో రోజు పొద్దున వియ్యంకుడుగారు గూడుబండిలో పరుపు మీద కూర్చున్నారు. మరచెంబులో కాఫీ, వీపుకు రెండు దిండ్లు, చాప సందులోంచి బయటికి తుపాకి గొట్టాలు. జింకలకు అలవాటు కావాలని ఆ బండిని ఎద్దులు లేకుండా ముందు నుంచే చేలో నిలబెట్టి ఉంచారు. పెద్దమనిషిని ఒంటరిగా వదలకూడదని మావగారు చక్రం చాటున నిలబడ్డారు. నేను దగ్గి, మేత పోసి, బండి వెనక్కి వచ్చేశాను. మంద వచ్చింది. ఇర్రి వచ్చింది. గట్టు చాటున పడుకున్న పాలేళ్ళు ఇద్దరూ నాలుగో తాడు పైకి లాగి కట్టేశారు.

తాడు కదలగానే మందకు అర్థమైంది. ఒక్కసారిగా తూర్పుకు పరుగెత్తి పేలికల ముందు ఆగాయి. పడమరకు పరుగెత్తి అక్కడా ఆగాయి. ఇర్రి నా కుంకుమ రంగు పేలికకు బారెడు దూరంలో నిలబడింది. గాలికి పేలిక లేచింది. అది రెండు అడుగులు వెనక్కి వేసింది. ఎగురు నాయనా, అది పాత చీర, నాదే, ఎగురు అని లోపల అనుకుంటున్నాను. లేళ్ళు అడ్డం రావడం వల్ల వియ్యంకుడుగారికి గురి కుదరడం లేదు. ఆయన చిరాకుగా నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, దాన్ని కాస్త ఇటు రప్పించు. మేతలో తల పెడితే చాలు."

నేను మావగారి వైపు చూశాను. ఆయన గొంతు కదిలింది. దగ్గబోతున్నారు అనుకున్నాను. దగ్గు రాలేదు. కూతురు ఆ ఇంట్లో ఉంది. ఆయన తల దించుకుని నేల చూశారు. ఆ తల దించుకోవడం నేను చూడలేకపోయాను. ఇక ఆయన చేయలేనిది నేనే చేయాలనుకున్నాను. వియ్యంకుడి ముందు కోడలు గొంతు వినిపించకూడదన్న సంగతి కూడా మరిచిపోయి, బండి చాటు వదిలి బయటికి వచ్చి, గుండెల నిండా ఊపిరి తీసుకుని గట్టిగా దగ్గాను. తలెత్తి చూడమని, చూసి దూకి పారిపొమ్మని.

ఇర్రి తలెత్తింది. నన్ను చూసింది. చూసి, బెదురు తీరినట్టుగా చెవులు వాల్చి, లేళ్ళను వదిలి, నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

రెండు గొట్టాలూ ఒకదాని వెంట ఒకటి పేలాయి. ఆ చప్పుడుకు మంద మొత్తం పైకి లేచింది. నా చీర పేలికల మీదుగా, మా అత్తగారి చీర పేలికల మీదుగా, మనిషెత్తు ఎగిరి అవతల పడి వెళ్ళిపోయాయి. ఒక్కటి కూడా తాడుకు తగల్లేదు. ఏనాడూ ఆ తాడు వాటికి అడ్డం కాదు. కింద ఇర్రి పడి ఉన్నా, ఆ ఎగిరిన మంద మీంచి నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను.

వియ్యంకుడుగారు మురిసిపోయారు. పిలిస్తే ఇర్రి నడిచి వచ్చింది, ఈ అమ్మాయి చేతిలో ఏదో ఉంది అని భోజనాల దగ్గర పదిసార్లు చెప్పారు. మా ఆయన నన్ను చూసి గర్వంగా నవ్వారు. ఆ రోజు మా అత్తగారు మసాలా నూరారు. నేను తిన్నాను. అబద్ధం ఎందుకు, ఆకలి వేసింది, తిన్నాను. చెయ్యి కడుక్కునే దగ్గర అంతా కక్కేశాను. మా అత్తగారు అది చూసి మరోలా అర్థం చేసుకుని సంబరపడ్డారు.

సాయంత్రం మిరపకాయల కల్లంలో మావగారు ఒక్కరే కూర్చుని తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నారు. నేను వెళ్ళి ఇవతల కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. గుప్పెడు తాలు పక్కకు పోసి ఆయన అన్నారు.

"నువ్వు దేనికి దగ్గావో నాకు తెలుసమ్మాయ్. నేను దగ్గుంటే పారిపోయేదేమో. నీ దగ్గుకి వచ్చింది. మేత పెట్టినోళ్ళని చూసి ఎవురు పారిపోతారు?"

నేను అక్కడే ఏడ్చాను. కారం చేతులతో కళ్ళు తుడుచుకుని ఇంకా ఏడ్చాను. ఆయన వద్దనలేదు, ఓదార్చలేదు. ఆ దగ్గు నీకు నేర్పింది నేనే అని మాత్రం అన్నారు.

వానలు పడి మిరప నారు నాటాక మంద తిరిగి వచ్చింది. ఈసారి కొమ్ములు ఇంకా పూర్తిగా మెలితిరగని పడుచు ఇర్రి దాని వెంట ఉంది. నేను గట్టు మీదికి రాగానే అవి పారిపోలేదు. తలలెత్తి, మేత గంప కోసం నా నెత్తి వైపు చూశాయి. అలా చూస్తుంటే నాకు భయం వేసింది. తుపాకి పట్టుకుని వచ్చే మనిషి వెనక నేను ఉన్నా, నేను ముందు ఉండి వెనక తుపాకి ఉన్నా, అవి ఇలాగే నిలబడతాయి.

వంగి రేగడి మట్టిగడ్డ తీసి విసిరాను. మొదటిది వాటి ముందు పడింది. అవి కదల్లేదు. ఇంకొకటి తీసి బలంగా విసిరాను, ఒక లేడి డొక్కకు తగిలింది. దగ్గుతూ విసిరాను. తిడుతూ విసిరాను. రోజూ పొద్దున్నే వెళ్ళి అదే పని. నాటిన నారు నా కాళ్ళ కింద నలిగిపోతోందని పాలేళ్ళు గొణిగారు. కోడలికి ఏదో పట్టిందని అత్తగారు మావగారితో మొర పెట్టుకుంటే, అమ్మాయిని విసరనివ్వు అన్నారట.

ఎన్ని రోజులు పట్టిందో లెక్క లేదు. ఒక పొద్దున గట్టెక్కి, చేతిలో మట్టిగడ్డ లేకుండా, ఊరికే దగ్గాను. మంద తలెత్తింది. నన్ను చూసింది. పడుచు ఇర్రి ముందు లేచింది, దాని వెనక అన్నీ లేచాయి. కాపురానికి వచ్చిన రోజున బండిలోంచి చూసినట్టే, మనిషెత్తున, గాలిలో ఆగినట్టే ఆగి, నా నుంచి దూరంగా, కనుచూపు మేర దాటేదాకా పారిపోయాయి. ఒక్కటి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నేను గట్టు మీద కూర్చుండిపోయి, అవి కనబడకుండా పోయినవైపే చూస్తూ చేతులెత్తి దండం పెట్టాను.